‘సి’ అక్షరానికి 48 జేబులు: ప్రాజెక్టు డైరీ

జూన్ 24

ఏడో తరగతి స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర పెన్ను ఆగింది. రేవులో క్రేను ఓడలోంచి పెట్టెలు దించుతోందన్న ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో రాయమన్నాను. ఒక పిల్లవాడు “రేవులో కొంగ ఓడలోంచి పెట్టెలు దించుతున్నది” అని రాశాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. గైడులో ‘క్రేన్ అంటే కొంగ’ అని ఉంది, వాడు అదే రాశాడు.

పిలిచి అడిగాను. “మీ నాయన యాడ పని చేస్తాడురా?”

“కృష్ణపట్నం పోర్టులో, టీచర్.”

“ఓడల్లో సరుకు దించేదాన్ని ఏమంటారాడ?”

“క్రేను.”

“మరి ఇక్కడుండే మాట ఏంది?”

సి, ఆర్, ఎ, ఎన్, ఇ అని కూడబలుక్కున్నాడు. పేపరు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. “ఇదీ అదీ ఒకటేనా టీచర్?”

సాయంత్రం కావలి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఆ ప్రశ్న వదల్లేదు. వాడి చెవికి తెలిసిన క్రేనుకీ, కంటికి కనబడిన క్రేనుకీ పరిచయమే లేదు. ఊళ్ళో రోజూ వినే ఇంగ్లీషు మాట పుస్తకంలో కనబడితే పరాయిదైపోతోంది. గైడు ఇచ్చిన అర్థం ఆ పరాయితనాన్ని ఇంకా పెంచింది.

కొంగ అన్న అర్థం తప్పేమీ కాదు. పొడుగు మెడ చాచి, వంగి, ముక్కుతో అందుకునే పిట్టని చూసే యంత్రానికి ఆ పేరు పెట్టారు. కాకపోతే మనం చాలా పిట్టల్ని కలిపి కొంగలంటాం. వరి మళ్ళలో బర్రెల వెనక తిరిగే తెల్లకొంగ ఇంగ్లీషులో క్రేన్ కాదు, ఈగ్రెట్. క్రేన్ అంటే సారస జాతి పిట్ట, వాటిలో మనిషంత ఎత్తు పెరిగేవి కూడా ఉన్నాయి. ఒక మాట పక్కన ఇంకో మాట రాసి మధ్యలో గీత గీస్తే ఇదంతా ఎక్కడ పడుతుంది?

జూన్ 27

పిల్లల చేతే ఇంగ్లీషు మాటలకి ఒక నిఘంటువు తయారు చేయించాలనుకున్నాను. 26 అక్షరాలూ ఎత్తుకుంటే ఏదీ పూర్తి కాదు. ఒక్క అక్షరం తీసుకుని దాని లోతు చూద్దామని పిల్లలతో అన్నాను. ఏ అక్షరమని వాళ్ళు అడిగారు. సి అన్నాను.

ఇంగ్లీషు నిఘంటువుల్లో అన్నిటికంటే ఎక్కువ పేజీలు ఎస్‌వి, ఆ తర్వాతి వరసలో సి, పి ఉంటాయి. అందుకని సరుకుకి లోటు లేదు. పైగా మా పిల్లలకి ఎక్కువ తిప్పలు పెట్టేది కూడా ఇదే. కార్‌లో క, సిటీలో స, చైర్‌లో చ, షెఫ్‌లో ష.

పద్ధతి ఇట్లా అనుకున్నాం. ఒక్కో మాటకి ఒక కార్డు, కార్డు మీద మూడు వరసలు. మన ఊళ్ళో ఈ మాట ఎక్కడ విన్నాం? ఏమర్థం? ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి వరస నింపకుండా రెండోది రాయకూడదు. ఆ నియమం నాదే, దాన్ని సడలించను.

1604లో లండన్‌లో రాబర్ట్ కాడ్రీ అనే ఆయన ఇంగ్లీషు మాటలకి ఇంగ్లీషులోనే అర్థాలు చెబుతూ ఒక పదపట్టిక అచ్చు వేశాడు. అందులో మాటలు సుమారు 2,500. ఆ రకం నిఘంటువుల్లో మొదటిదిగా దాన్నే లెక్కిస్తారు. ఆయనా బడిపంతులుగా పనిచేసినవాడే. అక్షర క్రమంలో వెతకడం చదివేవాళ్ళకి అలవాటు లేదు కాబట్టి ముందుమాటలో దారి చెప్పాడు. మాట ఎ తో మొదలైతే పట్టిక మొదట్లో చూడు, వి తో అయితే చివర్లో చూడు. సి-ఎ అయితే సి భాగం మొదట్లో, సి-యు అయితే సి భాగం చివర్లో చూడు. 400 ఏళ్ళ కిందటి పంతులు కూడా వివరించడానికి సి నే పట్టుకున్నాడని చెబితే పిల్లలకి మహా సంబరమైంది.

జూలై 5

ముందు కార్డుల కోసం చెక్క పెట్టె చేయిద్దామనుకున్నా. పెట్టెలో పడ్డ కార్డుని పనిగట్టుకుని ఎవరూ తీయరు. గోడ మీద ఉంటే వస్తూ పోతూ కన్ను పడుతుంది. అందుకని జేబుల తెర కుట్టించాం.

రొయ్యల చెరువుల దగ్గర మేత సంచులు ఊరికే దొరుకుతాయి. గట్టివి, నీళ్ళకి పాడు కావు. వాసన మాత్రం భరించలేం. ఇద్దరు పిల్లలు ఇంటి దగ్గర సబ్బు నీళ్ళలో రెండుసార్లు ఉతికి, మూడు రోజులు గోడ మీద ఆరేసి తెచ్చారు. అయినా మొదటి వారం తరగతిలో చేపపొడి వాసనే. దర్జీ వాటిని కత్తిరించగానే అంచుల్లోంచి పోగులు ఊడొచ్చాయి. “నాడా వేస్తేగానీ నిలవదు టీచరమ్మా” అని నాలుగు వైపులా నాడా వేసి, 18 నంబరు సూదితో కుట్టాడు. వరసకి 8, ఆరు వరసలు, మొత్తం 48 జేబులు. జేబు వెడల్పు 5 అంగుళాలు, లోతు 4. మొదట లోతు 6 పెట్టించి పొరపాటు చేశాను. కార్డు మొత్తం లోపలికి దిగిపోయి మాట కనబడలేదు. మళ్ళీ విప్పదీసి కుట్టినందుకు దర్జీ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

కార్డులకి శుభలేఖలు. ఈ సీమలో ఏ ఇంట్లో వెతికినా కట్ట దొరుకుతుంది. దేవుడి బొమ్మ ఉన్న భాగం మీద రాయం టీచర్ అని ఆడపిల్లలు ఆ ముక్కలన్నీ ముందే కత్తిరించి, గుడి దగ్గర రావిచెట్టు మొదట్లో పెట్టి వచ్చారు. మెరిసే వైపు స్కెచ్ పెన్ను అలుక్కుపోతోంది. గరుకు వైపే పనికొచ్చింది. అంచుకి రంగు గీత పెట్టుకున్నాం. క పలికితే ఎరుపు, స పలికితే నీలం, చ కి ఆకుపచ్చ, ష కి పసుపు.

జూలై 11

మాటలు తెమ్మంటే గంపల కొద్దీ తెచ్చారు. కైటు, కీ, కిలో, కిచెన్, క్వీన్, సన్, సోపు. ఇందులో ఒక్కటీ సి కాదు. చెవిని నమ్మారు పాపం. మన అక్షరాలతో పెరిగిన పిల్ల చెవిని నమ్మకపోతే దేన్ని నమ్ముతుంది? మన క కి ఏ గుణింతం తగిలించినా క గానే ఉంటుంది. సి మాత్రం పక్కనున్న అక్షరాన్ని బట్టి గొంతు మార్చుకుంటుంది. ఎ, ఒ, యు పక్కన ఉంటే క. ఇ, ఐ, వై పక్కన ఉంటే స.

ఎందుకట్లా అని అడిగింది ఒక పిల్ల. ఈ ప్రశ్న కోసం నేను చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను కాబట్టి ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను.

పాత లాటిన్‌లో సి ఎప్పుడూ క గానే పలికేది. ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు కింగ్ అనే మాటని సి తోనే రాసేవాళ్ళు. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి లేఖకుల అలవాట్లు వచ్చిపడ్డాయి. ఫ్రెంచిలో ఇ, ఐ ల ముందు సి స వైపు జరిగిపోయింది. ఇక కింగ్‌ని సి తో రాస్తే సింగ్ అని చదువుతారు. అందుకని ఆ చోట కె ని తెచ్చి కూర్చోబెట్టారు. క్యాట్‌కి సి, దాని పిల్ల కిటెన్‌కి కె రావడం ఇందువల్లే. తల్లీబిడ్డల్ని వేరే వేరే అక్షరాల కింద పెట్టిన సంగతి పిల్లలకి నచ్చలేదు. పిల్లికూన కార్డు కూడా పెడదామన్నారు. ఒప్పుకోలేదు.

ఇంకా సి, హెచ్ కలిసిన మాటలున్నాయి. చైల్డ్, చర్చి పాత ఇంగ్లీషు మాటలు, వాటికి చ. క్రిస్మస్, కెమిస్ట్రీ గ్రీకు వైపు నుంచి వచ్చాయి, వాటికి క. చీఫ్, షెఫ్ రెండూ ఫ్రెంచిలో ఒకటే మాట, అర్థం తల. ముందు శతాబ్దాల్లో వచ్చినది చ తో స్థిరపడింది. తర్వాత వంటింటి దారిన వచ్చినది ఫ్రెంచి ష ని విడిచిపెట్టలేదు. ఆ రెండు కార్డులూ పక్కపక్క జేబుల్లో, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు.

జూలై 22

రెండో బెంచీ పిల్లవాడు వాళ్ళ నాయన స్కానింగ్ రిపోర్టు తెచ్చాడు. అందులో ‘రీనల్ కాలిక్యులస్’ అని ఉంది. ఇంటర్ చదివే వాళ్ళ అక్క అది లెక్కల పాఠమని చెప్పిందట. మూత్రపిండంలో లెక్కల పాఠమేంటని ఇంట్లో అందరూ బెంబేలు పడ్డారు.

అక్క చెప్పింది నిజమే, రిపోర్టులో ఉన్నదీ నిజమే. లాటిన్‌లో కాలిక్యులస్ అంటే చిన్న గులకరాయి. రోమన్లు రాళ్ళు పేర్చి లెక్కపెట్టేవాళ్ళు. ఆ రాయి నుంచే కాలిక్యులేట్, కాలిక్యులేటర్, కాలేజీలో చెప్పే కాలిక్యులస్ అన్నీ పుట్టాయి. డాక్టర్లు మాత్రం పాత అర్థాన్నే పట్టుకున్నారు, వాళ్ళకి కాలిక్యులస్ అంటే ఇప్పటికీ రాయే. మీ నాయనకి కిడ్నీలో రాయి ఉందిరా, అంతే అని చెప్పాను. “అంతేనా” అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఒకటో తరగతిలో చింతపిక్కలతో లెక్కలు నేర్చిన పిల్లలకి ఈ మాట అర్థం చేయించడానికి పది సెకన్లు పట్టింది. కార్డు వెనక ఒక గులకరాయి, ఒక చింతపిక్క అంటించారు. మైదా జిగురు వాడితే రెండో రోజుకే బొద్దింకలు కొరికేశాయి. జిగురులో కాస్త మైలుతుత్తం కలపమని ఎవరో సలహా ఇచ్చారు. పిల్లల చేతుల్లో తిరిగే వస్తువు కనుక వద్దన్నాను. ఫెవికాల్‌తో సరిపోయింది.

ఆగస్టు 3

చెక్. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన కార్డు ఇదే. నాలుగు కార్డులుగా మొదలై ఒక్కటిగా ముగిసింది.

ఎక్కడ విన్నారని అడిగాను. “మా అమ్మ డ్వాక్రా లోను చెక్కు తెచ్చింది” అని ఒకరు. “చెక్స్ చొక్కా” అని ఇంకొకరు. రైల్లో టికెట్ చెకింగ్. చదరంగం ఆడే పిల్లవాడు “చెక్ అని చెప్పాలి టీచర్, రాజు మీదికి పోతే” అన్నాడు. నాలుగూ వేరే మాటలని తరగతంతా ఒప్పుకుంది. బ్యాంకు చెక్కు స్పెల్లింగు కూడా వేరు, చివర్లో క్యూ-యు-ఇ ఉంటుంది.

చదరంగం నుంచి మొదలుపెట్టాను. మన చతురంగం పారసీక దేశానికి, అక్కడి నుంచి అరబ్బులకి, వాళ్ళ నుంచి ఐరోపాకి పోయింది. పారసీకంలో రాజు షా. రాజు ఆపదలో పడితే “షా” అని హెచ్చరించేవాళ్ళు. ఆ షా ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ఇంగ్లీషులో చెక్ అయింది. ఆటకి చెస్ అనే పేరు కూడా అందులోంచే. షా మాత్, అంటే రాజుకి దారి మూసుకుపోయింది, చెక్‌మేట్ అయింది. రాజుని ఆపడం నుంచి ఏదైనా ఆపడం, ఆపి సరిచూడడం అన్న అర్థాలు వచ్చాయి. రైల్లో టీటీ చేసేది ఇదే. చదరంగపు బల్ల మీది గళ్ళని బట్టి గళ్ళ బట్టకి ఆ పేరు వచ్చింది. నార్మన్ రాజుల ఖజానాలో గళ్ళ గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్ళలు జరిపి లెక్కలు కట్టేవాళ్ళు, అందుకే ఖజానాకి ఎక్స్‌చెకర్ అని పేరు. డబ్బు కాగితం విషయంలో మోసపోకుండా సరిచూసుకునే పద్ధతి నుంచి బ్యాంకు చెక్ వచ్చింది. ఎక్స్‌చెకర్ రాత చూసి దాని తోక మారింది. అమెరికా వాళ్ళు ఇప్పటికీ మామూలు చెక్ లాగే రాస్తారు.

అమ్మ తెచ్చిన లోను కాగితంలో ఒక పారసీక రాజు ఉన్నాడన్నమాట. కార్డు మధ్యలో కిరీటం వేసి, దాని నుంచి నాలుగు తాళ్ళు గీశారు. తాళ్ళ చివర చొక్కా ముక్క, రైలు టికెట్, అట్టతో చేసిన బంటు, ఉత్తుత్తి చెక్కు.

ఒక పిల్ల అడిగింది, “ఉదయగిరిలో గరిటెలు చెక్కుతారు కదా టీచర్, ఆ చెక్కడం కూడానా?” కాదమ్మా. అది అచ్చంగా మన మాట. రెండు మాటలు ఒకేలా వినబడితే చుట్టాలని అనుకోకూడదు. ఈ సంగతి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మాటల పుట్టుక చెప్పేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ప్రతి ఇంగ్లీషు మాటా మన దగ్గర్నుంచే పోయిందని వాదించే పెద్దలు ఉన్నారు. పిల్లలకి ఆ అలవాటు అంటకూడదు.

ఆగస్టు 21

క్యాటిల్. మొదటి వరసకి ఒంగోలు గిత్త తప్ప ఇంకేం వస్తుంది? రెండో వరసలో పశువులు అని రాశారు. మూడో వరసే పెద్దది.

లాటిన్‌లో కాపుట్ అంటే తల. దాని నుంచి కాపిటాలే, అంటే ముఖ్యమైన ఆస్తి. నార్మన్ ఫ్రెంచి దారిలో వచ్చి అది క్యాటిల్ అయింది. మొదట ఆస్తి అనే అర్థం, తర్వాత పశువులకే పరిమితమైంది. అదే మాట నేరుగా లాటిన్ నుంచి మళ్ళీ వచ్చి క్యాపిటల్, పెట్టుబడి అయింది. వాక్యానికి తలకాయగా ఉండే పెద్ద అక్షరం కూడా క్యాపిటలే, రాష్ట్రానికి తలలాంటి ఊరూ క్యాపిటలే. జట్టుకి తల కెప్టెన్. తలలా గుండ్రంగా ఉండేది క్యాబేజీ.

ఉత్తరాంధ్రలో పశువుల్ని సొమ్ములు అంటారని చెప్పాను. మా బడికి బదిలీ మీద వచ్చిన శ్రీకాకుళం సారు తలూపారు, “మాకాడ సొమ్ములు కాయడానికెళ్ళాడు అంటాం.” సొమ్ము అంటే ఆస్తి, సొమ్ములు అంటే గొడ్లు. ఒకరి నుంచి ఒకరు తీసుకోలేదు. గొడ్లే ఆస్తిగా బతికిన రైతులు రెండు చోట్లా ఒకే ఆలోచన చేశారు. ఈ వరస రాసేటప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

19వ శతాబ్దంలో మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళాయి. వాటిని అక్కడ నెలోర్ అంటారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. ఈ సంగతి కార్డులో పట్టలేదు. ఇంకో కార్డు అతికించి మడత పెట్టారు.

సెప్టెంబరు 4

ఈ వారం చకచకా పది కార్డులు తయారయ్యాయి. సైకిల్‌కి మూలం గ్రీకులో కుక్లోస్, అది మన చక్రానికి దూరపు చుట్టం. చుట్టరికం ఇక్కడ నిజమే, భాషాశాస్త్రం ఒప్పుకున్నదే. కోచ్ అంటే రైలుపెట్టె, ఆటల గురువు, కోచింగ్ సెంటరు. మూడింటికీ మూలం హంగరీలో బండ్లు చేసిన కోచ్ అనే పల్లెటూరు. 1830 ప్రాంతంలో ఇంగ్లండు విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే గురువుని బండితో పోల్చి కోచ్ అన్నారు. క్యాండిడేట్ లాటిన్‌లో తెల్లబట్ట కట్టినవాడు. రోమ్‌లో ఎన్నికల్లో నిలబడేవాళ్ళు సుద్ద పూసిన తెల్ల వస్త్రం కట్టేవాళ్ళు. మన ఊళ్ళో సర్పంచి ఎన్నికలు చూసిన పిల్లలకి వేరే బొమ్మ అక్కర్లేకపోయింది. కంపానియన్ అంటే కలిసి రొట్టె తినేవాడు, కంపెనీ కూడా అక్కడి నుంచే. ఒకే కంచం ఒకే మంచం అంటాం కదా, అర్థం వరసలో అదే రాశారు.

కేసు దగ్గర మాత్రం ఆగాం. సూట్‌కేసులోని కేసు లాటిన్ కాప్సా, అంటే పెట్టె. పోలీసు కేసులోది కాసుస్, అంటే పడడం, జరగడం. స్పెల్లింగు ఒకటే, మాటలు రెండు. రెండు కార్డులు రాయించాను. క్యాష్ కూడా అంతే. నగదు అనే క్యాష్ ఆ పెట్టె నుంచే వచ్చింది. ఇంకో క్యాష్ మన కాసు, తమిళం నుంచి పోర్చుగీసు వాళ్ళ మీదుగా పోయింది. 1818 దాకా మద్రాసు లెక్కల్లో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే వరహాకి 3,360 కాసులు. లెక్క పిల్లలే కట్టారు. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ కాసులపేరు బొమ్మ గీసింది.

కార్న్ కూడా రెండే. ఒకటి గింజ. ఇంగ్లండులో అంటే గోధుమలాంటి ఏ ధాన్యమైనా, అమెరికాలో మొక్కజొన్న. రెండోది కాలి ఆనెకాయ, లాటిన్‌లో కొమ్ముకి ఉన్న పేరు నుంచి వచ్చింది. చెప్పుల్లేకుండా పొలాలకి పోయే పిల్లలు రెండోదానికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

సెప్టెంబరు 16

ఒక పిల్ల నాలుగు రోజులుగా కార్డేమీ తేలేదు. ఇవాళ బడి విడిచాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “టీచర్, క్యాన్సర్ సి తోనే కదా?”

అవునన్నాను. వాళ్ళ అవ్వకి వచ్చిందని ఊరంతా తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. పెద్దవాళ్ళు రాచపుండు అని గొంతు తగ్గించి అంటారు. కార్డు వద్దులేమ్మా అని నా నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూసి ఊరుకున్నాను.

పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. లాటిన్‌లో క్యాన్సర్ అంటే ఎండ్రకాయ. పాతకాలపు గ్రీకు వైద్యులు గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు చూశారు, ఎండ్రకాయ కాళ్ళలాగా తోచాయి. గ్రీకులో కార్కినోస్ అన్నారు, రోమన్లు దాన్ని తమ మాటలోకి తెచ్చుకున్నారు. పంచాంగంలో కర్కాటక రాశిని ఇంగ్లీషులో క్యాన్సర్ అనేది అందుకే. మా పిల్లలకి ఎండ్రకాయ భయం కాదు. వానాకాలం కాలవ గట్ల మీద పట్టుకుని తెస్తారు.

“అంటే మాటకి అర్థం ఎండ్రకాయేనా?” అంది. అవునమ్మా, మాట ఎండ్రకాయ. జబ్బు వేరు, జబ్బుకి మందులున్నాయి. మీ అవ్వకి చేస్తున్నది ఆ వైద్యమే అన్నాను.

కార్డు మీద మొదటి వరసలో “మా ఇంట్లో” అని రాసింది. బొమ్మ వేసింది, పది కాళ్ళూ లెక్కపెట్టి. దాన్ని ఏ జేబులో పెట్టాలో తనే ఎంచుకుంది. కింది వరసలో, తన ఎత్తుకి అందేచోట.

సెప్టెంబరు 29

దసరా సెలవులకి ముందు ఇంటి మాటలు. ఇంగ్లీషు మన సీమ నుంచి తీసుకున్నవి. నిజానికి చాలావాటికి మూలం తమిళమో మలయాళమో. మనకి పక్కనే అలాంటి మాటలున్నాయి. చెరూట్ తమిళ చురుట్టు, మన చుట్ట దాని తోబుట్టువు, రెండింటికీ మూలం చుట్టడమే. కందుకూరు వైపు పొగాకు పొలాల పిల్లలు ఈ కార్డుకి ఎండుటాకు పట్టుకొచ్చారు. కొబ్బరి పీచు అనే కాయిర్‌కి మూలం మలయాళ కయర్, అంటే తాడు. కర్రీ తమిళ కరి. ఇంగ్లీషు వాడు పులుసునీ ఇగురునీ కూరనీ ఒక్క కర్రీలో కలిపేశాడు. నెల్లూరు చేపల పులుసుని కర్రీ అని రాయాలా వద్దా అని తరగతిలో పెద్ద వాదన. పులుసుని పులుసు అనే రాయాలని తీర్మానించారు, నేనూ చెయ్యెత్తాను.

కాట్ సంస్కృత ఖట్వ, హిందీ ఖాట్. మన దేశంలో మంచం. ఇంగ్లండులో పసిపిల్లల మంచం, అమెరికాలో మడత మంచం. ఒకే మాట మూడు దేశాల్లో మూడు సైజులు.

అక్టోబరు 24

వాయుగుండం. మూడు రోజులు బడి లేదు. తెరిచేసరికి కిటికీ వైపు జేబుల్లో నీళ్ళు. సంచి గట్టిదే, ఏమీ కాలేదు. 11 కార్డులు మాత్రం ఉబ్బిపోయాయి. స్కెచ్ పెన్నుతో రాసినవి చెరిగాయి, బాల్ పెన్నువి నిలిచాయి. పిల్లలు వాటిని గచ్చు మీద పరిచి, ఇటుకలు పెట్టి ఆరేశారు. చెరిగినవి మళ్ళీ రాసేటప్పుడు పుస్తకం చూడకుండా రాయమన్నాను. కాలిక్యులస్, చెక్, క్యాటిల్ మూడూ చూడకుండా రాశారు. క్యాండిడేట్‌లో ఒక అక్షరం తప్పిపోయింది. క్రేన్ కార్డు ఆ మొదటి పిల్లవాడే రాశాడు. ఒక పక్క పిట్ట, ఒక పక్క వాళ్ళ నాయన పోర్టు.

ప్రతి జేబుకి అడుగున రెండు కంతలు పొడిచాం, నీళ్ళు నిలవకుండా. ముందే తోచాల్సింది.

నవంబరు 7

47 నిండాయి. చివరి జేబుకి కాటమరాన్ అనుకున్నాం. ఒక పిల్లవాడు పత్రికలోంచి బొమ్మ కత్తిరించి తెచ్చాడు. పక్కపక్కన రెండు పడవ అడుగులున్న తెల్లటి విదేశీ నావ. ఇప్పుడు ఇంగ్లీషులో కాటమరాన్ అంటే అదే.

వాళ్ళ తాత ఆ రోజు మనవడి కోసం బడికి వచ్చాడు. 70 దాటిన మనిషి, ఫైబరు పడవలు రాకముందు వేటకి పోయినవాడు. బొమ్మ చూపించి ఇదే కాటమరాన్ తాతా అన్నాడు మనవడు.

“ఇది కాదబ్బయ్యా. ఇది యాడిదో పడవ. కట్టుమాను అంటే ఇట్టుండదు.”

కట్టు, మాను. తమిళంలో కట్టు, మరం. ఇంగ్లీషు మాట నేను ఇంకా విడదీయకముందే ఆయన నోట విడిపోయింది. ఈ తీరం మీద ఆ నావని చూసిన ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన పుస్తకంలో ఆ పేరు రాశాడు.

తాత బయటికి పోయి మూడు వేప పుల్లలు విరుచుకొచ్చాడు. మధ్యది పొడుగు, పక్కవి కురచ. పిల్లల దగ్గర కొబ్బరి తాడు అడిగాడు. ముందూ వెనకా రెండు చోట్ల చుట్టి, ముడి ఎట్లా బిగించాలో మెల్లగా, అందరికీ కనబడేట్టు చూపించాడు. ఒడ్డుకి రాగానే తాళ్ళు విప్పి మాన్లు విడివిడిగా ఎండబెట్టాలనీ, తడిస్తే బరువెక్కి మునుగుతాయనీ చెప్పాడు. విప్పి మళ్ళీ కట్టించాడు, నలుగురి చేత.

కార్డు మీద రెండు బొమ్మలూ వేశారు, పాతదీ కొత్తదీ. తాత కట్టిన తెప్ప జేబులో పట్టలేదు. 48వ జేబు కింద మేకు కొట్టి, మిగిలిన తాడుతో వేలాడదీశాం.